మూడో రింగు

"రోజూ పొద్దున్నే ఒక్క రింగిచ్చి కట్ చెయ్యి వజీరా, క్షేమమనుకుంటా. రెండిస్తే మీ ఆయన వచ్చాడని పోలీసులతో బయల్దేరతా."

భర్త దెబ్బలు పడలేక రేపల్లె వదిలొచ్చిన వజీరా, బాపట్ల మహిళా హోమ్ నుంచి తెనాలిలో అద్దెగదికి మారిన రోజు కౌన్సిలర్ ప్రశాంతి చెప్పిన మాట అది.

నెలరోజులూ పొద్దున్నే ఒక్కో రింగే వచ్చింది. రంజాన్ పండగనాడు మధ్యాహ్నం ఫోను మళ్లీ మోగింది. రెండు దాటినా ఆగలేదు. ప్రశాంతి చెప్పులేసుకుంటూనే ఎత్తింది.

"వచ్చాడా? గడియ వేశావా?"

"లేదు మేడం. పొద్దుట్నుంచీ తలుపు తీసే పెట్టా. గిన్నెడు సేమ్యా పాయసం చేశా."

"మరి ఏమైంది?"



"ఎవరూ రాకపోతే ఎన్ని రింగులివ్వాలో మీరు చెప్పలేదు కదండీ."