ఊరి సగటు

ఎదురుగా పోలయ్య వస్తున్నాడు. బుధు గబుక్కున మిరియాల తీగ పాకిన చెట్టు చాటుకి తప్పుకున్నాడు. పోలయ్య కూడా తల దించుకుని పక్కదారి పట్టాడు. తెలిసిపోయిందన్నమాట! బుధుకి ప్రాణం చచ్చిపోయింది.

వారం కిందట కాఫీ కొనే కంపెనీ నుంచి డాలీ మేడమ్ వచ్చింది. ఊరి కాఫీ రైతుల సంఘంలో ఉన్నది ఎనిమిది మంది. ఎవరి గింజలు వాళ్ళవి విడిగా కాచి, రుచి చూసి, నూటికి ఇన్ని అని మార్కులు వేసింది. ఎవరి మార్కు వాళ్ళకే పక్కకి పిలిచి చెప్పింది. సగటు ఎనభై రెండు దాటితే ఊరి పేరుతోనే పొట్లాలు వేస్తామంది. దాటలేదు. ఎనభై దగ్గరే ఆగిపోయింది.

బుధుకి వచ్చింది డెబ్బై ఎనిమిది. ఇంకేముంది, ఊరందరినీ కిందికి లాగింది తనే! పచ్చిదీ పండిందీ చూడకుండా కొమ్మ దూసి బస్తాకెత్తే మనిషి మరి.

"నీకెంతొచ్చింది?" అని ఆ రోజే అడిగింది పెళ్ళాం రత్నాలు.

"ఎనభై మూడు," అనేశాడు. "మరి నీకో?"

ఎనిమిదో మనిషి దొరక్క, రాళ్ళ మధ్య పిడికెడు తోట ఉన్న రత్నాల్ని కూడా సంఘంలో కలుపుకున్నారు.

"ఏదో వచ్చింది లే."

"సెప్పుకోలేనంత తక్కువా? సరేలే, నా మార్కుతో ఇంటి పరువు నిలబడింది."

రత్నాలు అంబలి పోసింది. అప్పట్నుంచీ బుధుకి ముద్ద దిగడం లేదు. ఛీ, వెధవ బతుకు! ఊరి పరువు తీసిందే కాక, ఇంట్లో గొప్పలు కూడానా?

ఈవేళ మళ్ళీ మీటింగు. అందరూ కూర్చున్నాక బుధు లేచాడు.

"మేడమ్, నన్ను సంఘంలోంచి తీసెయ్యండి. నాకొచ్చింది డెబ్బై ఎనిమిదే. ఎనభై మూడని ఇంట్లో అబద్ధమాడినాను. పొట్లం మీద ఊరి పేరు పడకుండా సేసినోణ్ణి నానే."

సిగ్గుతో రత్నాలు వైపు చూడలేకపోయాడు.

పోలయ్య లేచాడు. "నీకొక్కడికేనేటి? నాకూ డెబ్బై ఎనిమిదే. నీకు మొహం సూపించలేక దొంగలా తిరుగుతున్నాను."

"నాకూ అంతే," అన్నాడు వెనక నుంచి మంగ్లు.

డాలీ నవ్వేసింది. "మార్కులన్నీ వరసగా పెడితే నడిమధ్యన ఉన్నది డెబ్బై ఎనిమిదే. ఎక్కువమందికి వచ్చిందీ అదే. మిమ్మల్ని ఎవరూ కిందికి లాగలేదు."

"మరి సగటు ఎనభై ఎలాగయినాదమ్మా?" అన్నాడు పోలయ్య.

"అన్నీ కలిపి ఎనిమిది మందికీ సమానంగా పంచితే వచ్చేది సగటు. మీలో ఒక్కరికి తొంభై ఒకటి వచ్చింది. వాళ్ళే అందరినీ పైకి లాగారు."

బుధు నోరెళ్ళబెట్టాడు. "తొంభై ఒకటా! ఎవరా మారాజు?"

"చెప్పడం, చెప్పకపోవడం వాళ్ళ ఇష్టం."

ఎవరూ కదల్లేదు. బుధుకి గుండెల మీద బరువు దిగినట్టయింది. మొహాలన్నీ వెతుకుతూ, "ఊరి మానం కాపాడినోడివి, నీకేటి సిగ్గు? సెయ్యెత్తవోయ్!" అని ఉత్సాహంగా అరిచాడు.

రత్నాలు చెయ్యెత్తింది.