సముద్రం ఎన్నిసార్లు వచ్చింది?

రాళ్ల షెడ్డులో మూడు పొడవాటి చెక్కపెట్టెలు బల్లమీద వరసగా ఉన్నాయి. స్టోర్‌కీపర్ మూతలు తీసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చొక్కా అప్పటికే చెమటతో తడిసిపోయింది.

బల్లకు ఇటు సార్, అటు మేడమ్. ఇద్దరూ భూమి పొరల్ని చదివే ప్రొఫెసర్లు. పైగా భార్యాభర్తలు.

కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతాన్ని సముద్రం రెండుసార్లు ముంచిందని సార్ వాదన. ఒక్కసారేనని మేడమ్ పట్టు. మాటా మాటా పెరిగింది. ఆవిడ ఒప్పుకునేదాకా గడప తొక్కనని సార్ గెస్ట్‌హౌస్‌కు మకాం మార్చి మూడేళ్లయింది. ఎప్పుడో ఎండిపోయిన సముద్రంలో నిక్షేపంలాంటి కాపురం మునిగిపోయింది.

చివరికి అక్కడ లోతుగా బోరు దింపారు. పైకి తీసిన రాతికడ్డీలు, పైపొర ముందు, కిందిపొర తర్వాత, పెట్టెల్లో మొన్ననే వచ్చాయి. సున్నపురాయి ఉంటే సముద్రం, ఇసుకరాయి ఉంటే నది. ఇక తేలిపోతుంది.

"ముందు ఆవిణ్ణి చూడమనవయ్యా," అన్నారు సార్, స్టోర్‌కీపర్‌తో.

"ఆయన్నే కానివ్వమను," అన్నారు మేడమ్, అతనితోనే.

మూడడుగుల దూరానికి తాను టెలిఫోన్ తీగ అయినందుకు స్టోర్‌కీపర్ లోలోపల ఏడ్చుకున్నాడు.

సార్ మొదటి పెట్టెలో రాయిమీద యాసిడ్ చుక్క వేశారు. బుసబుసా పొంగింది. సున్నపురాయి. రెండో పెట్టెలోంచి ఓ పలుకు తీసి కొరికారు. పళ్లకింద గరగరమంది. ఇసుకరాయి. మూడోదానిమీద చుక్క వేసి, ముఖం దగ్గరగా వంచి చూశారు.

పొంగింది.

సముద్రం, నది, మళ్లీ సముద్రం. సార్ ఒక్క గెంతు గెంతారు. మోకాలు పట్టేయడంతో బల్ల పట్టుకున్నారు.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మూడేళ్లలో మొదటిసారి మొగుడి మొహం చూసి మాట్లాడారు.

"రాళ్లే చెబుతుంటే నేను కాదంటానా? పదండి ఇంటికి."

గెలిచిన రోజున ఎంత బిగుసుకుని నడవాలో సార్ మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. తీరా ఆ రోజు వస్తే ఆ నడకే మరిచిపోయారు. గెస్ట్‌హౌస్‌లో బట్టలున్నాయని మాత్రం గొణిగారు. రేపు తెచ్చుకోవచ్చన్నారు మేడమ్.

వాళ్ల కారు మలుపు తిరిగాక స్టోర్‌కీపర్ తలుపు దగ్గరగా వేసి, రెండో పెట్టెలో రాళ్లనూ మూడో పెట్టెలో రాళ్లనూ, నిన్న మేడమ్ దగ్గరుండి తారుమారు చేయించకముందు ఎలా ఉన్నాయో అలాగే మళ్లీ సర్దేశాడు.