నోటి దిష్టి

"రొట్టెను చూసేడిదేందే? తినేడిది గాని! అదేమన్న టీవీల సీరియలా?"

గడపలో నిలబడి ఈసడించింది నర్సింగమ్మ. ఆమె పిడికిట్లో ఎండుమిరపకాయలు, కల్లుప్పు ఉన్నాయి.

కొత్త కోడలు వర్షిత తల ఎత్తలేదు. చాప మీద ఎదురుగా ఆడబిడ్డ శ్రీదేవి, మధ్యలో పళ్లెం, పళ్లెంలో అప్పుడే కాల్చిన జొన్నరొట్టె. పొంగిన చోటల్లా నల్లటి చుక్కలు. ఇంత గుండ్రంగా రావడం ఇదే మొదలు. ఆ సంబరం వర్షిత ముఖంలో దాగడం లేదు.

"మా పెండ్లి కాడికెల్లి పిల్ల తింటలేదు. నిన్న కాలేజీల కండ్లు తిరిగి పడ్డది. జర చూద్దాం అత్తమ్మా."

"చూసేదేముంది? నోటి దిష్టి! మీ పెండ్లిల ఎవరో నోరు పెట్టిన్రు. మీ కట్టంగూరు చుట్టాలే అయుంటరు. మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్తే పోయేదానికి, కండ్లు మూసుకునుడు, గాలి పీల్చుకునుడు! బీఎడ్ల గిదే నేర్పిన్రా?"

"మా హాస్టల్ల ఒక పిల్ల గిట్లనే తిండి మానేస్తే, మేడం రోజూ గిట్ల కూసోబెట్టింది. మెల్లమెల్లగ తినబట్టింది."

"ఆకలైతే కుక్క గూడ తింటది. దానికో మేడమా!"

వర్షిత గాజులు గలగలమనకుండా రొట్టె తుంచి శ్రీదేవి అరచేతిలో పెట్టింది.

"వేడి తెలుస్తాందా? వాసన చూడు. తొందరేం లేదు."

శ్రీదేవి కళ్లు మూసుకుని ముక్కను పెదాల దాకా తెచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఆగితే ఆగనియ్యి. ఇప్పుడు లోపల ఏ మాట వినబడతాందో, గదే బయటికి అను."

"ఓహో, లోపల రేడియో గూడ ఉన్నదా!" నర్సింగమ్మ మూతి తిప్పింది.

శ్రీదేవి సన్నటి గొంతుతో అంది. "థూ, నారాయణపేట చీర తెస్తే జాకెట్టే పడతలేదు. గిట్ల బలిస్తే నిన్నెవడు చేసుకుంటడే?"

నర్సింగమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"నేనన్ననా లేదా! గదే నోరు! నా బంగారుబిడ్డను గంత మాటన్నదా? దాని నోట్ల మన్నువడ!" గబగబా వచ్చి కూతురి తల చుట్టూ పిడికిలి తిప్పసాగింది. "పేరు చెప్పు బిడ్డా. పేరు పెట్టి తిప్పితే దిష్టి మొదలంట పోతది. ఫికర్ వడకు, ఎవరైనా సరే, చెప్పు!"

శ్రీదేవి కళ్లు తెరిచింది. తన తల చుట్టూ తిరుగుతున్న చెయ్యి వంక చూసింది.

"నర్సింగమ్మ," అని, రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది.