అన్నయ్య గొంతు

నెల్లాళ్లుగా అన్నయ్యకి మాట లేదని తెలిసి చెల్లెలు ఉన్నపళంగా బయల్దేరి వచ్చింది.

ఆయనకి పక్షవాతం వచ్చి రెండేళ్లు. కాళ్లూ చేతులూ నోరూ పడిపోయాయి. మిగిలినవి కళ్లే. కంప్యూటర్ తెర మీద అక్షరాల వంక చూస్తే, యు.ఎస్.బి. వైరుతో తగిలించిన చిన్న పరికరం ఆ చూపును పసిగట్టి మాటలు కూరుస్తుంది. స్పీకరు పలుకుతుంది. ఆ పరికరాన్నే ఇప్పుడు కంప్యూటర్ గుర్తించడం లేదు.

ఆమె వచ్చేసరికి వంటింట్లో వదిన కూనిరాగం తీస్తోంది. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"మెకానిక్‌ని పిలిచావా వదినా?"

"పిలవాలి. తీరిక దొరకలేదు."

"పెళ్లికి ముందు నలుగురికీ కంప్యూటర్ పాఠాలు చెప్పినదానివి. నువ్వే చూడొచ్చుగా?"

"అవన్నీ ఎప్పుడో మర్చిపోయాను."

చెల్లెలు కంప్యూటర్ పక్కన కింద చతికిలబడింది. వైరు మార్చింది. ముందు పోర్టులోంచి తీసి వెనక పోర్టులో పెట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. దుమ్ము ఊదింది. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేసింది. ఊహూఁ.

అన్నయ్య కళ్లు ఆమె చేతుల వెంటే తిరుగుతున్నాయి. పాపం, ఎంత ఆత్రమో అనుకుంది. ఎవర్నీ పల్లెత్తు మాట అని ఎరగని మనిషి.

చివరికి కంప్యూటర్‌ని ఆపి, మళ్లీ ఆన్ అవుతుండగానే లోపలి సెట్టింగులు తెరిచింది. కీబోర్డు, మౌస్ పెట్టిన రెండూ తప్ప తక్కిన పోర్టులన్నీ ఆపేసి ఉన్నాయి.

"ఇదా సంగతి. ఎవరు కెలికారో ఏమో" అంటూ అన్నిటినీ మళ్లీ ఆన్ చేసింది.

వదిన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"మళ్లీ పాడవదా?"

"పాడవనిస్తానా? ఆ సెట్టింగులకి పాస్‌వర్డ్ పెట్టేశాను. ఇక ఎవరూ వేలు పెట్టలేరు."

వదిన తలూపింది. సంతోషం మాట దేవుడెరుగు, బాగు చేసినందుకు ఒక మంచి మాట కూడా అనలేదు.

పరికరం పనిచేస్తున్నట్టు దాని మీద ఎర్రదీపం వెలిగింది. ఏం మనుషులో అనుకుంటూ చెల్లెలు మట్టి చేతులు కడుక్కోవడానికి అవతలికి వెళ్లింది.

ఆమె కుళాయి కట్టేసేసరికి గదిలోంచి స్పీకరు తాపీగా పలుకుతోంది: "ఏమే, నెల్లాళ్ల తిట్లు పేరుకుపోయాయి, ముందు నీ పుట్టింటివాళ్లతో మొదలెడతాను, ఇలా వచ్చి నిలబడు."