సీజన్ తెరిచేదాకా

"సీజన్ తెరిచారా?" అని అడిగాడు పద్మనాభం.

"ఇంకా లేదండీ," అంది ఆయన భార్య జ్ఞానప్రసూన.

ఆయన తల ఊపి మళ్ళీ పనిలో పడ్డాడు. బల్ల అంచున బిగించిన చిన్న వైస్‌లో, సీసపు తల ఉన్న చేపల కొక్కెం ఒకటి ఉంది. దాని మెడ చుట్టూ చిటికెడు జింక తోక వెంట్రుకలు పరిచి, ఎర్రదారంతో గట్టిగా చుట్టాడు. ముడి మీద భార్య గోళ్ళరంగు ఒక చుక్క వేశాడు. జిగ్ తయారైంది. నీళ్ళలో లాగితే అది చిన్న చేపలా కదులుతుంది, పెద్ద చేప మోసపోయి మింగుతుంది. పొద్దున్న ఇడ్లీ తిన్నాడో ఉప్మా తిన్నాడో ఆయనకు గుర్తుండదు కానీ, ఆ వేళ్ళు మాత్రం ఒక్క చుట్టు కూడా మరిచిపోలేదు.

అమెరికాలో, హెర్న్‌డన్‌లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌కు కిటికీలు లేవు. మోకాళ్ళు మొరాయించి మెట్లెక్కడం మానేశాక ఆయన మంచం, కుర్చీ, జిగ్‌ల బల్ల అన్నీ అక్కడికే చేరాయి. స్వెటర్, మంకీ క్యాప్ వేసుకుని రోజంతా కడుతూనే ఉంటాడు.

వెల్లుల్లి కూడా తినని ఇంట్లో చేపల వేటేమిటని తెలిసిన తెలుగువాళ్ళంతా ఏడిపించేవారు. తండ్రీ కొడుకులు పట్టిన చేపను ఫొటో తీసి మళ్ళీ నదిలోకే వదిలేసేవారు. ఈ పిచ్చి అంటించింది కొడుకు రాజీవే. హైస్కూల్లో ఉండగా నేర్చుకొచ్చాడు. చలికాలం ప్రభుత్వం చేపల వేట ఆపేసి సీజన్ మూసి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జిగ్‌లు కట్టేవారు. ఒకసారి పద్మనాభం తెల్ల వెంట్రుకలకు వంటింటి పసుపుతో రంగు వేస్తే, "నాన్నా, చేపలు ఇదేదో వెడ్డింగ్ అనుకుంటాయి" అని రాజీవ్ పడీ పడీ నవ్వాడు. ఆ ఏడాది అన్నిటికంటే పెద్ద చేప దానికే పడింది. అప్పటినుంచి రాజీవ్ జిగ్‌లన్నీ పసుపువే.

సీజన్ తెరవకముందు పద్మనాభం నది వైపు కన్నెత్తి కూడా చూడడు. వీసా రోజుల్లో పట్టుకున్న భయం అది. సిటిజన్ అయి పదిహేనేళ్ళయినా, ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ బోర్డు దగ్గర ఆగి మూడు అంకెలు లెక్కపెట్టి గానీ కదలని మనిషి. సీజన్ మూసి ఉందంటే ఇక ఇంకో మాట అడగడు. తెరిచారంటే మాత్రం, రాజీవ్ ఏడీ అంటాడు.

రాజీవ్ పోయి రెండేళ్ళు కావస్తోంది. కారు ప్రమాదం. ఆ తర్వాత మతిమరుపు ముదిరి, తండ్రి బుర్రలోంచి ఆ చావు చెరిగిపోయింది. నిరుడు వసంతంలో సీజన్ తెరిచిన రోజు ఆయన పొద్దున్నే బూట్లు వేసుకుని గరాజ్‌లో కూర్చున్నాడు. వాడింకా రాలేదేమన్నాడు. జ్ఞానప్రసూన ఉన్నమాట చెప్పింది. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ బూట్లు వేసుకున్నాడు. మళ్ళీ అడిగాడు. సీజన్ మూసేదాకా రోజూ అదే వరస. తన కడుపుకోత ఒకటైతే, పొద్దున లేచి ఆయన కడుపు తన చేత్తో కోయడం ఆమెకు ఇంకొకటి అయింది.

ఆదివారం కూతురు అవని వచ్చి వంటింట్లో తల్లితో పోట్లాటకు దిగింది. నాన్నతో అబద్ధాలాడటం తన వల్ల కాదంది. ఆయన పక్కన కూర్చుని అన్నయ్య కోసం ఒక్కసారైనా ఏడవాలని ఉందని, ఈ ఇంట్లో ఆ వీలే లేకుండా పోయిందని అంది.

"ఎన్నాళ్ళని ఇలా మేనేజ్ చేస్తావమ్మా? ఎప్పుడో ఒకరోజు నాన్నకి తెలియాలి కదా."

"తెలిసింది. వందసార్లు చెప్పాను. వందసార్లూ మీ నాన్నకి అది మొదటిసారే," అంది జ్ఞానప్రసూన.

అవని వినలేదు. ఈరోజు తనే చెప్పేస్తానంటూ, మెట్ల దగ్గర మేకుకు తగిలించి ఉన్న కోటు తొడుక్కుని కిందికి దిగింది. తల్లి వెనకే దిగింది. ఆపే ఓపిక ఆమెకు లేదు.

పద్మనాభం కూతుర్ని చూసి మురిసిపోయి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. గోడ పొడుగునా జిగ్‌ల డబ్బాలు, ఏ ఏడూ లేనన్ని. జింక తోకలు ఇప్పటికి మూడుసార్లు తెప్పించాల్సి వచ్చింది. బల్ల మీద రెండు డబ్బాలు వేరుగా ఉన్నాయి. ఒకదాంట్లో తెల్లవి. ఇంకోదాంట్లో పసుపువి.

"ఇవి అన్నయ్యవి," అన్నాడు. "వాడికి ఆఫీస్‌తో టైమ్ ఉండట్లేదు పాపం. వాడివి కూడా నేనే కట్టేస్తున్నా."

అవని చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన ఒక పసుపు జిగ్ ఆమె అరచేతిలో పెట్టి, ముడి గట్టిగా ఉందో లేదో చూడమన్నాడు. గోళ్ళరంగు ఇంకా ఆరలేదు. ఆమె వేలికి అంటింది.

"సీజన్ తెరిచారా అమ్మలూ? తెరిస్తే వాడికి ఫోన్ చేద్దాం."

జ్ఞానప్రసూన కళ్ళు మూసుకుంది.

అవని ఆ పసుపు వెంట్రుకలను వేలితో సవరించింది.

"ఇంకా లేదు నాన్నా," అంది. "బయట స్నో పడుతోంది."

"పడనీలే," అన్నాడు పద్మనాభం తృప్తిగా. "ఇంకో డజను కట్టేస్తా."

ఆయన దారం అందుకున్నాడు. తల్లీ కూతుళ్ళు పైకి వచ్చారు. జ్ఞానప్రసూన బేస్‌మెంట్ తలుపు చప్పుడు కాకుండా మూసింది.

అవని కోటు విప్పి మేకుకు తగిలించి, కింది గది ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించి, వీధి తలుపు తీసుకుని భగభగమంటున్న జూన్ ఎండలోకి వెళ్ళిపోయింది.