పదకొండు సెకన్లు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ముగ్గురు: పళ్ల డాక్టరు, ఆమె నాన్న, పిన్ని.

నలుగురని పిన్ని అంటుంది. ముందుగది గోడ కొట్టించి, షట్టరు పెట్టించి లోపలికి తెచ్చుకున్న కారుని కూడా ఆవిడ ఇంటి మనుషుల్లోనే కలిపేస్తుంది. అదీ తిని కూర్చునే మనుషుల్లో.

ఎర్రటి కారు. ఎత్తు చూస్తే చాప పరిచినట్టు ఉంటుంది. గడప దాటించాలంటే రోజూ పిన్ని చక్రాల కింద చెక్కపలకలు పరవాలి.

పదేళ్లు ఊరి జనం పళ్లు పీకి కొన్న కారు అది.

ఇంజిన్ పైన వేలెడంత రేకు ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో ఆ ఇంజిన్‌ని మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా ఒక్క మనిషే బిగించి, ఆ రేకు మీద సంతకం చేస్తాడట. తోక పైకి ఎగరేసి, కింద రెండు చుక్కలు పెట్టిన సంతకం. డాక్టరు దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తుంది.

నెల రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే లోపల టకటకమంటోంది. కాసేపటికి ఆ చప్పుడు దానంతటదే ఆగిపోతోంది.

షోరూము ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. ఫోన్ చేస్తే, లారీ మీద పంపమన్నారు. ఇంజిన్ దించాలట, నాలుగు నెలలు పడుతుందట.

ఊళ్లో లారీల మేస్త్రిని పిలిస్తే కారు ముందున్న మూత ఎత్తాడు. లోపల ఖాళీ.

"డాక్టరమ్మా, ఇంజిన్ ఎవరో ఎత్తుకుపోయారు."

వెనక ఉందని చూపిస్తే, అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసి, దానికో దండం పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగు నెలలు ఆగడానికి ఆమెకు వీల్లేదు.

నాన్న ముప్ఫై అయిదేళ్లు పరాయివాళ్ల లారీలు తోలాడు. ఆ లారీలు ఆయన చెవులు తినేశాయి. ఇప్పుడు షుగరు కళ్లు తింటోంది. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత స్టీరింగు మాట మరిచిపొమ్మని కళ్ల డాక్టరు తేల్చి చెప్పాడు.

"ఊరవతల మైదానంలో ఒక్క చుట్టు తోలనా తల్లీ?" అన్నాడు నాన్న. ఆమెకు బుద్ధి తెలిశాక ఆయన అడిగింది అదొక్కటే.

ఈ బెంగ చాలదన్నట్టు, ఎదురింటి పెద్దాయన ఒకడు.

ఈమధ్యే వచ్చి మేడ మీద కూతురి దగ్గర ఉంటున్నాడు. కారు స్టార్ట్ చేస్తే చాలు, బనీనుతో పిట్టగోడ దగ్గరికొచ్చి వాచీ చూసుకుంటాడు.

"చప్పుడుకి లెక్క రాసుకుంటున్నాడే. కేసు పెట్టడానికే," అని పిన్ని తేల్చేసింది.

ఓ రోజు వీధిలో ఆపి, మీ కారు చప్పుడు అని ఏదో అనబోయాడు. ఊళ్లో అందరి నోళ్లూ తెరిపించే డాక్టరు ఆయన నోరు మాత్రం మూయించింది. మా ఇల్లు, మా కారు అని చెప్పి వచ్చేసింది.

శనివారం సాయంత్రం మళ్లీ వచ్చి చీటీ చేతిలో పెట్టాడు. 'మీ కారు చప్పుడు గురించి' అన్న మొదటి వరుస చదివి, దాన్ని అక్కడే కిందపడేసింది.

ఆదివారం పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని సీట్లో కూర్చున్నాడు. పిన్ని పలకలు పరిచింది. ఇంతలో తలుపు కొట్టిన చప్పుడు.

పెద్దాయనే. మెట్లు దిగి వచ్చినందుకు ఆయాసపడుతున్నాడు.

"ఒక్క నిమిషం అమ్మా. ఈ రోజు స్టార్ట్ చెయ్యకండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఈ రోజు కూడానా? మా నాన్నకి మిగిలిందే ఈ రోజండీ."

తలుపు ఆయన ముఖం మీదే వేసేసింది.

షట్టరు ఎత్తి, నాన్న పక్కన కూర్చుంది. ఆయన చొక్కాకి అరచేతులు తుడుచుకుని మీట నొక్కాడు.

టకటక మొదలైంది.

వీధి మధ్యలో పెద్దాయన ఆగాడు. అలవాటుగా వాచీ చూశాడు.

టకటక ఆగలేదు. పెరిగింది. లోపలేదో పటుక్కుమంది. ఇనుము ఇనుమును కొరికినట్టు ఒక్క చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. కింద పలకల మీదకి నల్లటి నూనె పారింది.

పెద్దాయన చెయ్యి దించి, తలొంచుకుని మెట్లెక్కాడు.

నాన్న రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. చూపు వీధి మీద ఉంది.

"స్టార్టయిందా తల్లీ?"

ఆమె కారు దిగింది.

పలకలు తీస్తూ పిన్ని, కింద నుంచి నూనెలో తడిసిన కాగితం లాగింది. పలక ఊగుతోందని రాత్రి, డాక్టరు పడేసిన చీటీనే మడిచి కింద పెట్టిందట.

డాక్టరు మడతలు విప్పి, మొదటి వరుస దాటి చదివింది.

'సోమవారం నాలుగు సెకన్లు. బుధవారం ఆరు. శుక్రవారం తొమ్మిది. ఈ రోజు పదకొండు. లోపలి గొలుసు వదులవుతోంది. ఇక స్టార్ట్ చేస్తే తెగుతుంది. ఇంజిన్ దించక్కర్లేదు. సీట్ల వెనక రేకు విప్పితే చెయ్యి పడుతుంది. గంట పని. రేపు పొద్దున నేనొచ్చి చేసిపెడతాను.'

చివరి మడత నూనెకు అంటుకుపోయింది.

ఆమె చెప్పుల్లేకుండానే వీధి దాటి మేడెక్కింది. పెద్దాయన కూతురు తలుపు తీసింది.

"నాన్న పడుకున్నారు."

"ఒక్క నిమిషం మాట్లాడతానండీ."

"ఆయన మిమ్మల్ని అడిగిందీ ఒక్క నిమిషమే."

తలుపు మూసుకుంది.

ఆ మూసిన తలుపు ముందే నిలబడి ఆమె చివరి మడతను గోటితో నెమ్మదిగా విడదీసింది. అడుగున, తోక పైకి ఎగిరి, కింద రెండు చుక్కలతో, తను రోజూ మెత్తటి గుడ్డతో తుడిచే సంతకం ఉంది.