చెదలు తిన్న ప్రతి

ఉలవచారు చరిత్ర మీద పరిశోధన చేస్తున్న తన్మయి, గ్రంథాలయంలోని మాట్లాడే డేటాబేస్‌ని అడిగింది. "పాత పత్రికల్లో వ్యాసాలేమైనా ఉన్నాయా?"

"ఎందుకుండవు మేడమ్! ఉలవచారు ఏ ఊళ్లో పుట్టాలో చెప్పండి, అక్కడే పుట్టిస్తాను," అంది డేటాబేస్. లేదనడం దానికెవరూ నేర్పలేదు.

తన్మయికి ఒళ్లు మండింది. లైబ్రేరియన్ దమయంతి దగ్గరకెళ్లి, "అసలు వ్యాసం ఒక్కటైనా దొరకదా మేడమ్?" అంది.

"చెదలు తిన్నదేదైనా ఉందేమో చూడమ్మా. అదొక్కటే నమ్మొచ్చు. ఇది అప్పటికప్పుడు వండే వాటికి చెదలెక్కడ పడతాయి?"

డేటాబేస్ వినయంగా అందుకుంది. "చెదలు తిన్న ప్రతే ఇస్తాను మేడమ్. చిల్లులు ఎక్కడెక్కడ పెట్టమంటారు?"

తన్మయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నా దగ్గర ఆధారం లేనిచోటల్లా పెట్టు."